మేష్ట్రు గొంతున్న ఫోల్డరు

ఇరవై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నోటితో చెప్పిన అబద్ధం కూడా కాదది. ఒకసారి తల ఊపాను, అంతే. తల ఊపడానికి ఎంతసేపు పడుతుంది? ఆ బరువు మాత్రం ఇంతవరకూ దిగలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనకే మీతో చెబుతున్నాను. ఇంకో సంగతి కూడా ముందే చెప్పెయ్యాలి. మాది చింతామణి. మా ఇళ్ళలో మాట తెలుగు, బడి కన్నడ. మా వైపు చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు కానీ తెలుగు అక్షరాలు రావు. నేను నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నాను. ఈ సంగతి ఎవరికి తెలియాలో ఆ మనిషికి ఈ అక్షరాలు చదవడం రాదు. అది తెలిసే ఈ అక్షరాల్లో రాస్తున్నాను. దొంగబుద్ధి ఎక్కడికి పోతుంది? ఒప్పుకునేటప్పుడు కూడా పారిపోవడానికి ఒక దారి ఉంచుకుంటోంది.

అప్పట్లో చింతామణి బస్టాండు వెనక మా అన్నకు ఒక డీటీపీ అంగడి ఉండేది. అన్న పట్టుగూళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరుగుతుంటే అంగడి నేనే చూసుకునేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయిన రోజులు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. పెళ్ళి పత్రికలు, బడి ప్రశ్నపత్రాలు, ఆఫీసులకిచ్చే అర్జీలు టైపు చేసేవాళ్ళం. వాటితో పాటు నాటకం కాగితాలు.

నాటకం కాగితాలంటే మీకు తెలుసో లేదో. మా వైపు పల్లెల్లో రైతులే వేషాలు కట్టి పౌరాణిక నాటకాలు ఆడతారు. హార్మోనియం మేష్ట్రు ఒకాయన ఊళ్ళో మూడు నెలలు మకాం వేసి వాళ్ళకు పద్యాలు నేర్పుతాడు. నేను చెబుతున్న మేష్ట్రుది బాగేపల్లి తాలూకా, గూళూరు దగ్గర పల్లె. ఆయనది సొంత నాటకం. పద్యాలు ఆయనే కట్టారు, వరసలూ ఆయనవే. ఇంకో మేష్ట్రు ఎవడైనా దాన్ని ఎత్తుకుపోతాడని ఆయనకు ఎప్పుడూ భయం. అందుకని మొత్తం నాటకాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. రాజు వేషం కట్టేవాడికి రాజు పద్యాలు మాత్రమే, ఒక్కో పద్యం పైన ఎదుటివాడి ఆఖరి మాట. మంత్రికి మంత్రివి మాత్రమే. మాటలు తెలుగే అయినా అవి నేను కన్నడ అక్షరాల్లో టైపు చేసి ప్రింటు తీసి ఇవ్వాలి. ఇచ్చిన వెంటనే కంప్యూటర్లోంచి తుడిచెయ్యాలి. స్టూలు వేసుకుని నా పక్కన కూర్చుని, నేను తుడిచేదాకా ఆయన లేచేవారు కాదు.

అప్పటికి ఆరేళ్ళుగా అలా చేస్తున్నాను. ఊళ్ళో ఇంకో మూడు అంగళ్ళున్నా ఆయన నా దగ్గరికే వచ్చేవారు. వచ్చినప్పుడల్లా తన చేలో పండిన శెనక్కాయలు ఒక సంచిలో తెచ్చి నా టేబుల్ మీద పెట్టేవారు. ఆ సంచి చూస్తే నాకు గర్వం. నవ్వకండి. మా ఇంట్లో నన్ను ఒక పనికి మెచ్చుకున్నవాళ్ళు లేరు. పెళ్ళై రెండేళ్ళకే పుట్టింటికి తిరిగొచ్చినదాన్ని ఎవరు మెచ్చుకుంటారు? ఆ ముసలాయన మాత్రం ఎవరికీ నమ్మి ఇవ్వనిదాన్ని నా చేతికి ఇచ్చేవారు. నా పేరుకు ఊళ్ళో ఉన్న విలువ అదొక్కటే అనుకునేదాన్ని.

ఆ తర్వాత సరళ వచ్చింది. బాగేపల్లి పిల్ల, పీయూసీ చదివింది, అప్పటికి ఇరవై ఏళ్ళుంటాయి. పని ఎక్కువైందని అన్నతో పోరి నేనే పెట్టించుకున్నాను. టైపింగులో నా వేగంలో సగం కూడా లేదు. ఎవరేమన్నా నవ్వేసి ఊరుకునేది. నాకు మంచిగానే తోచింది. అక్కా అక్కా అని వెనకే తిరిగేది.

ఆ ఏడే మేష్ట్రుకి గొంతులో గడ్డ అని తేలింది. బెంగళూరులో ఆపరేషన్ చెయ్యాలి, చేశాక మాట రాదు అని చెప్పేశారు. నెల రోజుల గడువు. ఇన్నాళ్ళూ నాటకాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారని భయపడిన మనిషికి, అది తనతోనే పోతుందన్న భయం పట్టుకుంది. మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా, వరసల గుర్తులతో సహా, ఒక పుస్తకంగా వెయ్యాలని మా అంగడికి వచ్చారు. నా టేబుల్ దగ్గరికే వచ్చారు. అది కూడా రాయాలి. మొదట నా దగ్గరికే వచ్చారు.

రెండు రోజులు ఆయన పాడితే నేను టైపు చేశాను. మూడో రోజు ఒక పద్యంలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ లాగాలో గుర్తులు పెట్టమన్నారు. నాకు తెలియలేదు. నాకు రాగాలన్నీ ఒకటే. మళ్ళీ పాడారు. మళ్ళీ తెలియలేదు. పక్క టేబుల్ నుంచి సరళ ఆ చరణాన్ని మెల్లగా పాడింది, ఆగాల్సిన చోట ఆగింది. మేష్ట్రు లేచి, స్టూలు చేత్తో పట్టుకుని ఆ టేబుల్ దగ్గరికి పోయి కూర్చున్నారు. అంతకంటే పెద్ద సంగతేమీ జరగలేదు. మర్నాటి నుంచి శెనక్కాయల సంచి కూడా అక్కడే.

మైకు పెట్టి ఆయన గొంతును కంప్యూటర్లోకి ఎక్కించాలన్న ఉపాయం కూడా ఆ పిల్లదే. పొద్దున రెండు గంటలు ఆయన పాడేవారు, మిగతా పొద్దంతా ఆమె విని రాసేది. గొంతు నొప్పెడితే నీళ్ళు తాగి మళ్ళీ పాడేవారు. చివరి వారంలో దగ్గు ఎక్కువైంది. అయినా ఒక్క రోజు మానలేదు. నేను పెళ్ళి పత్రికలు చేసుకుంటూ, రెండడుగుల దూరంలో, చెవులు మూసుకోలేక కూర్చున్నాను. వాళ్ళు నవ్వితే నన్ను చూసే నవ్వారనుకునేదాన్ని. ఆ పిల్లకి జీతం ఇచ్చేది మేము, కంప్యూటరు మాది, కూర్చున్న కుర్చీ మాది. అయినా నా అంగట్లో నేనే బయటిదాన్నయ్యాను. ఓర్వలేనితనం అంటే అంతవరకూ వేరేవాళ్ళకు ఉండే జబ్బనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం సరళ అన్నానికి పోయినప్పుడు ఆమె కుర్చీలో కూర్చుని ఆ రికార్డింగులు విన్నాను. ఎందుకు విన్నాను? నా గురించి ఏమైనా ఉందా అని. ఉంది. రెండు పద్యాల మధ్య ఆయన గొంతు సవరించుకుని అన్నారు. "ఆయమ్మది చెయ్యి కాదు, మిషను. చెవి మాత్రం లేదు. నువ్వు వింటాండావు పాపా, దానికే నాకు పాడబుద్ధి అయితాండాది."

మూడుసార్లు విన్నాను. ఆయన తిట్టలేదు. నిజం చెప్పారు. నా చెయ్యి మిషనే, నాకు చెవి లేదు. నిజమే కదా, మరి అంత మంట ఎందుకు? ఆరేళ్ళు నన్ను నమ్మారనుకున్నది నా పిచ్చి, ఆయన నమ్మింది నా తుడిచే చేతిని అని ఆ రోజు తెలిసింది. పుండు మీద కారం చల్లినట్టయింది. సరళ తిరిగొచ్చి, "తిన్నావా అక్కా" అని అడిగింది. తిన్నానని చెప్పాను.

ఇక ఆ కంప్యూటర్ల సంగతి. ఇది సరిగ్గా చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు, పొరపాటు అనుకుని నా మీద జాలి పడతారు.

రెండు కంప్యూటర్లనూ ఒక వైరుతో కలిపి ఉంచాం. ఒకదాంట్లో ఉన్న ఫైలును ఇంకోదాంట్లోకి పంపాలంటే రెండు దారులు. కాపీ చేస్తే ఇక్కడా ఉంటుంది, అక్కడా ఉంటుంది. కట్ చేస్తే ఇక్కడ పోయి అక్కడికి చేరుతుంది. ఆ కంప్యూటర్లు నడిచే సిస్టమ్‌లోనే ఒక లోపం ఉండేది. కట్ చేసి పంపినప్పుడు, అవతల పూర్తిగా చేరిందో లేదో చూసుకోకుండానే ఇవతల తుడిచేసేది. మధ్యలో వైరు ఊడినా, కరెంటు పోయినా, అవతలికి అప్పటిదాకా చేరింది కూడా చెరిగిపోయి, రెండు చోట్లా ఏమీ మిగలదు. చెత్తబుట్టలో కూడా ఉండదు. సరళ రాకముందు ఒకసారి ఒక బడి ప్రశ్నపత్రాలు నాకు అలాగే పోయాయి. చిక్కబళ్ళాపురం నుంచి స్కూటరు మీద వచ్చిన ఇంజనీరు చూసి, ఇది సిస్టమ్ చేసినవాళ్ళ తప్పు, సరిచేసి పంపేదాకా కట్ జోలికి పోవద్దు, ఇలా పోయిందాన్ని ఎవరూ వెనక్కి తేలేరు అన్నాడు. ఒక చీటీ మీద 'కట్ వద్దు' అని రాసి మానిటరుకు అంటించాను. ఆ మానిటరు చెడిపోయి మార్చినప్పుడు చీటీ దాంతో పోయింది. మళ్ళీ రాయలేదు. అప్పటికి నాలో ఏ చెడూ లేదు, ఒట్టి బద్ధకం. సరళకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు.

అవసరం వచ్చిన రోజు ఇది.

మేష్ట్రుకి ఆపరేషన్ అయి మూడో రోజు. మాట పోయిందని కబురు వచ్చింది. సరళ కంప్యూటరు పాతది, రెండు రోజులుగా లోపల గరగర శబ్దం. అది ఆగిపోతే మేష్ట్రు పాటలన్నీ పోతాయని ఆ పిల్లకు దిగులు. ఫ్లాపీలో అంత పట్టదు, సీడీ రాసే యంత్రం మాకు లేదు. నా కంప్యూటరు కొత్తది, దానికి మాత్రం యూపీయస్ ఉంది. అందులోకి వేసేస్తే భద్రంగా ఉంటుందని ఆమెకే తోచింది. చూడండి, జాగ్రత్త పడింది ఆమె.

మధ్యాహ్నం రెండు కావడానికి ఇరవై నిమిషాలుంది. ఆ వారమంతా రెండు గంటలకు కరెంటు తీసేవాళ్ళు. ఊరంతటికీ తెలుసు.

"అక్కా, మేష్ట్రు ఫోల్డరు నీ సిస్టమ్‌లోకి వేసేస్తా. కాపీ చేసేదా, కట్ చేసేదా?"

ఆమె వైపు తిరగకుండానే చెప్పాను. "కట్ చెయ్. రెండు తావుల్లో ఉండేది మేష్ట్రుకి ఇష్టం ఉండదు కదా."

"కరెంటు పోతాదేమో అక్కా. ఇది చాన్నా సేపు పట్టేట్టుండాది."

"పోతే ఏమయితాది. వచ్చినంక మళ్ళీ వేసుకోవచ్చు."

ఇదే నేను చేసింది. మొత్తం ఇదే. మేష్ట్రు భయాన్నే ఆయన మీదికి తిప్పి కొట్టాను. ఆ మాట అంత తొందరగా, అంత తియ్యగా నా నోటికి ఎలా వచ్చింది? ముందే అనుకుని ఉంచుకున్నానా? లేదని చెప్పాలని ఉంది. చెప్పలేను.

చాలా ఏళ్ళు నాకు నేను ఒక కథ చెప్పుకున్నాను. పోతే రెండు మూడు పద్యాలు పోతాయి, ఆ పిల్లకు కాస్త తలవంపు అవుతుంది, మేష్ట్రు మళ్ళీ నా దగ్గరికి వస్తారు, అంతవరకే కోరుకున్నానని. ఆ కథ నిలవదు. ప్రశ్నపత్రాలు పోయినప్పుడు ఒక్కటి కూడా మిగలలేదని నాకు తెలుసు. ఆయన ఇంక పాడలేరని నాకు తెలుసు. కాగితాలు మెల్లమెల్లగా ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి ఎగిరే బొమ్మ సరళ తెర మీద కదులుతూనే ఉంది. ఇరవై నిమిషాలు కదిలింది. ఆపమని ఒక్క మాట అంటే ఆగేది, మనమే ఆపితే ఏదీ పోయేది కాదు. ఆ ఇరవై నిమిషాల్లో నేను ఒక పెళ్ళి పత్రిక టైపు చేశాను. తర్వాత చూసుకున్నాను, అందులో ఒక్క తప్పు లేదు.

సరిగ్గా రెండింటికి ఫ్యాను ఆగింది.

నాలుగింటికి కరెంటు వచ్చింది. సరళ తన దాంట్లో వెతికింది, నా దాంట్లో వెతికింది. నా దాంట్లో ఫోల్డరు పేరు ఉంది, లోపల ఏమీ లేదు. పాటలు లేవు, ఆమె రాసినదీ లేదు. చెత్తబుట్ట కూడా ఖాళీ. పుస్తకం పూర్తయ్యాక ఒకేసారి ప్రింటు తీద్దామని ఒక్క పేజీ కూడా తియ్యలేదు. నేనేం తప్పు చేసినానక్కా అని ఏడ్చింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అన్న ఎవరినో పిలిపిస్తే అతను వచ్చి రెండు గంటలు కిందా మీదా పడి, ఏమీ లేదు అని చెప్పి పోయాడు. సంతోషం కలిగిందా అని అడుగుతారేమో. కలిగింది. ఆ సాయంత్రం ఇంటికి పోయే దారిలో కాసేపు, తేలికగా, కలిగింది. ఈ ఒక్క మాట రాయడం నాకు మిగతా అన్నిటికంటే కష్టమైంది.

నెల తర్వాత మేష్ట్రు వచ్చారు. మెడ చుట్టూ తువ్వాలు, చేతిలో పలక. మనిషి సగమయ్యారు. కట్ చెయ్యబట్టే అంతా పోయిందని అన్న అప్పటికే చెప్పి ఉన్నాడు. స్టూలు మీద కూర్చుని, సరళను చూసి, నన్ను చూసి, పలక మీద రాసి నా వైపు తిప్పారు. కాపీ చెయ్యమని పాపకి చెప్పినావా?

తల ఊపాను.

సరళ అక్కడే ఉంది, గోడకు ఆనుకుని. నా వైపు చూసింది. కాదు అంటుందని ఎదురు చూశాను. అంటే దబాయించడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. మేష్ట్రు పలక మీద రాసింది తువ్వాలు అంచుతో తుడిచేసి లేచిపోయారు. వారం తిరగకముందే సరళ పని మానేసింది. శెనక్కాయల సంచి మళ్ళీ నా టేబుల్ మీదికి ఎప్పుడూ రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. ఆదివారాలు బస్సులెక్కి సాదలి, నాగరగెరె, గూళూరు తిరిగాను. పాత వేషగాళ్ళ ఇళ్ళకు పోయి, అటకల మీద, దేవుడి పటాల వెనక వాళ్ళు దాచుకున్న కాగితాలు అడిగి తెచ్చాను. ఒకాయన తన రాజు పద్యాలను ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టెలో బట్టల కింద ఉంచాడు. ఇస్తూ, మళ్ళీ తెచ్చిస్తావు కదమ్మా అని రెండుసార్లు అడిగాడు. కొన్నిటికి చెదలు పట్టింది. రెండు వేషాల కాగితాలు సగమే దొరికాయి. రెండేళ్ళు పట్టి ఒక పుస్తకం అయింది. మాటలున్నాయి, వరసలు లేవు. ఆయన గొంతు ఎక్కడా లేదు. నన్ను చూసి ఊళ్ళవాళ్ళు, ఎంత గురుభక్తి ఈయమ్మకు అన్నారు. కాదని ఎవరితోనూ అనలేదు.

ఇంతటితో ఆగి ఉంటే బాగుండేది. కృతజ్ఞతల పేజీ కోసం మేష్ట్రు ఒక చీటీ రాసి పంపారు. అందులో నా పేరు ఉంది, అన్న పేరు ఉంది, వేషగాళ్ళ పేర్లున్నాయి. అన్నిటికంటే ముందు సరళ పేరు ఉంది. తన గొంతును మొదట విని రాసిన పాప అని రాశారు. అంత పోగొట్టిందని నమ్ముతూ కూడా ఆ పిల్ల పేరే ముందు పెట్టారు. ఆ చీటీ చూశాక రెండేళ్ళ తిరుగుడు, పశ్చాత్తాపం, అన్నీ ఒక్క నిమిషంలో బూడిదయ్యాయి. కంట్లో నిప్పులు పోసుకున్నాను. ఆ వాక్యం వదిలేసి మిగతాది టైపు చేశాను. పుస్తకం వచ్చిన రోజు మేష్ట్రు ఆ పేజీ తీసి చాలాసేపు చూశారు. పలక పక్కనే ఉంది. తీసుకోలేదు. తర్వాతి ఏడు పోయారు.

ఇవన్నీ మోస్తూ కూడా బతికేశాను. అన్నం తిన్నాను, నిద్రపోయాను. మనిషి ఎంతైనా మొయ్యగలడు, ఎవరూ చూడకపోతే.

ఈ మధ్య చింతామణి బస్టాండులో సరళ కనబడింది. నేను గుర్తు పట్టలేదు, ఆమే వచ్చి చెయ్యి పట్టుకుంది. సాదలిలో ఇచ్చారట, మల్బరీ తోట, పట్టుపురుగులు. పెద్ద పాప బీఎస్సీ చదువుతోందట. కంప్యూటరు ముందు మళ్ళీ ఎప్పుడైనా కూర్చున్నావా అని అడగబోయి మానేశాను. ఆమే చెప్పింది. పాప కంప్యూటర్లో ఏదైనా చేసిపెట్టమన్నా తను మౌసు ముట్టుకోదట. సాదలిలో ఒక వేషగాడి ఇంట్లో మేష్ట్రు పుస్తకం చూసిందట.

"నీ పేరు చూసినానక్కా. సంతోషమయింది. నా పేరు ఉండదని తెలుసులే, పోగొట్టినదాని పేరు యాడ పెడతారు." ఆమె నా చెయ్యి వదల్లేదు. "నువ్వు కాపీ అనే చెప్పింటావు. నేనే ఏదో తొందరలో కట్ చేసింటాను. మేష్ట్రు గొంతు నా చేత్తోనే పోయింది. ఆ పొద్దు నీకు కూడా ఎంత మాట తెచ్చినానో. నన్ను మన్నించక్కా."

ఇరవై ఏళ్ళు. నా తల ఊపును నమ్మడానికి ఆ పిల్ల తన చెవినే కాదనుకుంది. రాగంలో వెంట్రుకవాసి తేడా పట్టగలిగిన చెవి అది. నేను ఏం చెప్పి ఉండాలో మీకు తెలుసు, నాకూ తెలుసు. సాదలి బస్సు వచ్చి నిలబడింది. కండక్టరు తొందరపెడుతున్నాడు. రెండు మాటలకు టైముంది.

"పోనీలే సరళా, అదంతా ఎప్పుడో మర్చిపోయినాను" అన్నాను. వీపు నిమిరాను కూడా. ఆమె కళ్ళు తుడుచుకుని బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఆమెను నేను మన్నించాను. అర్థమవుతోందా మీకు? మన్నించాను.

కట్ చెయ్యమని చెప్పింది నేను. ఏమవుతుందో తెలిసి చెప్పాను. సరళ ఏ తప్పూ చెయ్యలేదు, అడిగి చేసింది, జాగ్రత్తపడి చేసింది. ఈ నాలుగు మాటలూ ఈ రోజు పొద్దున మొదటిసారి నా కళ్ళ ముందు అక్షరాల్లో చూశాను. గుండె కొంచెం తేలికయింది. ఆ తేలిక నాకు రావాల్సింది కాదని తెలుసు, అయినా వచ్చింది, వద్దనలేదు. సాదలికి గంటకో బస్సు ఉంది. ఇది రాస్తూ కూర్చున్నంతలో మూడు వెళ్ళిపోయాయి.